పాత ట్రామ్ షెడ్డు జనం చావడి కావాలంటే: టొరంటో విచ్‌వుడ్ బార్న్స్ ఆధారంగా చర్చ

నిర్మాణవిద్య_బెజవాడ:
అందరికీ నమస్కారం. పాత కట్టడాలను కూల్చకుండా జనం వాడుకునే చోటుగా మార్చడం మీద థీసిస్ రాస్తున్నాను. ప్రధాన ఉదాహరణ టొరంటోలోని విచ్‌వుడ్ బార్న్స్ అనే పాత ట్రామ్ డిపో. దొరికిన వ్యాసాలన్నీ పైకప్పు అద్దాలు, శనివారం సంత, కళాకారుల స్టూడియోల దగ్గరే ఆగిపోతున్నాయి. ట్రామ్ బళ్ళు నిలిచిన నేల మీద పిల్లలూ పెద్దలూ తిరగాలంటే పని ఏ వరుసలో జరగాలి, ఎక్కడ చెడుతుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరా?

ఇటుకబట్టీ:
ముందు కట్టడం సంగతి చూద్దాం. సెయింట్ క్లెయిర్ వీధిలో టొరంటో నగరం సొంతంగా ట్రామ్ లైను వేసింది 1913లో. ఆ బళ్ళకోసం క్రిస్టీ వీధి పక్కన మొదటి షెడ్డు కట్టారు. 1916లో, 1921లో పెంచుకుంటూ పోయి ఐదు షెడ్లు చేశారు. బళ్ళు నడిపే డిపోగా 1978లో మూతపడింది. తర్వాత చాలా ఏళ్ళు కూల్చాలా, ఉంచాలా అన్న వాదం నడిచింది. మొత్తం పార్కు కావాలన్నవాళ్ళు కొందరు, కట్టడం నిలవాలన్నవాళ్ళు కొందరు. 2008 నవంబరులో కొత్త రూపంలో తెరిచారు.

ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్న పొడవాటి గదులు అనుకోండి. మొదటి షెడ్డులో కళాకారుల ఇళ్ళు, స్టూడియోలు. 26 ఇళ్ళు అక్కడే ఉండి పని చేసుకునేవాళ్ళకు. రెండోది కప్పు కింద వీధి, సుమారు 7,680 చదరపు అడుగులు. సంతలు, సభలు అక్కడే. మూడోది స్వచ్ఛంద సంస్థల కార్యాలయాలు. నాలుగోది పచ్చ షెడ్డు, ది స్టాప్ అనే ఆహార సంస్థది, గాజు పాకతో సహా. ఐదోదానికి కప్పు తీసేసి ఆరుబయలుగా వదిలారు. ఈ ఐదో షెడ్డు నిర్ణయం నాకు చాలా నచ్చుతుంది. ప్రతి అడుగునూ గదిగా మార్చాలన్న ఆశ లేకపోవడం వల్లే పార్కుకూ కట్టడానికీ మధ్య గోడ లేకుండా పోయింది. పార్కు కావాలన్నవాళ్ళకు కూడా అందులో వాటా దక్కింది.

పునాదిరాయి:
వరుస అడిగారు కాబట్టి చెప్తున్నా. కప్పు దగ్గర మొదలుపెట్టకండి. వాన లోపలికి రాకుండా తాత్కాలికంగా కప్పేసి, నేలకింద ఏముందో ముందు తేల్చుకోవాలి. అంచనా రెట్టింపయ్యేది ఎప్పుడూ అక్కడే.

ట్రామ్ షెడ్డు నేలకింద మూడు చిక్కులుంటాయి. ఒకటి, పట్టాల మధ్య పిట్‌లు. మనిషి కింద నిలబడి బండి అడుగుభాగం చూసేందుకు తవ్వినవి. లోతు సుమారు 1.4 మీటర్లు. రెండు, దశాబ్దాలపాటు కారిన నూనె, గ్రీజు. మూడు, పాత మట్టి పూరకం. బొగ్గు నుసి, సీసం పెయింటు పెచ్చులు, క్రియోసోట్ (చెక్క పుచ్చకుండా పట్టించే విషపు నూనె) తాగిన చెక్క స్లీపర్లు, అంటే పట్టాల కింది దిమ్మెలు, అందులోనే ఉంటాయి.

మట్టి పరీక్షకు గళ్ళు గీసుకుని నమూనాలు తీయాలి. పిట్ పక్కన, పెయింటు గది పక్కన, బయటి యార్డులో గళ్ళు దగ్గర దగ్గరగా ఉండాలి. ప్రతి చోటా పైమట్టి ఒకటి, మీటరు లోతున ఒకటి. అన్నీ కలిపి ఒకే నమూనాగా పంపితే చెడ్డచోటు మంచిచోటులో కలిసి మాయమైపోతుంది. ఈ తప్పు తరచూ జరుగుతుంది.

పిట్ పూడ్చే పద్ధతి:
ముందు అడుగున పేరుకున్న నూనె మడ్డి తీయించాలి. అది ప్రమాదకర వ్యర్థం కింద వెళ్ళాలి, మామూలు డంపుకు కాదు.
తర్వాత పిట్ అడుగు కాంక్రీటుకు మీటరుకొకటి చొప్పున రంధ్రాలు కొట్టాలి. లేకపోతే పిట్ తొట్టిలా మారి, చుట్టుపక్కల నీరంతా అందులో నిలిచి, పైన వేసిన నేల ఏడాదంతా చెమ్మగా ఉంటుంది. అడుగు మట్టి మురికిదని పరీక్షలో తేలితే మాత్రం రంధ్రాలు కొట్టకూడదు. అప్పుడు సంపు, పంపు పెట్టుకోవాలి.
పూడ్చేది శుభ్రమైన కంకర, గ్రావెల్. కూల్చిన గోడల బెడ్డలు వాడితే అందులో జిప్సం ప్లాస్టరు కలుస్తుంది. దాని సల్ఫేటు కొత్త కాంక్రీటును తినేస్తుంది.
150 మిల్లీమీటర్ల పొర వేసి దిమ్మిస కొట్టి, మళ్ళీ పొర. 40 మీటర్ల పొడవు, 1.3 వెడల్పు, 1.4 లోతు ఉన్న పిట్‌కు 73 ఘనపు మీటర్లు పడుతుంది. అణిగేది లెక్కేసి 90 దాకా తెప్పించుకోవాలి.
పెద్ద వైబ్రేటింగ్ రోలరు పాత ఇటుక గోడ పక్కకు రానివ్వకండి. చిన్న ప్లేట్ కంపాక్టర్ చాలు. రోలరు అదురుకు వందేళ్ళ గోడ దర్జులు (ఇటుకల మధ్య సందులు) వదులవుతాయి.

నేల కాంక్రీటు గోడకు అంటకుండా చుట్టూ 12 మిల్లీమీటర్ల ఫోమ్ పట్టీ పెట్టాలి. పూడ్చిన పిట్ అంచు మీదుగా ఎలాగూ నెర్రె వస్తుంది. అందుకే కోత గీత సరిగ్గా అక్కడే పెట్టుకుంటే నెర్రె ఆ గీతలోనే దాక్కుంటుంది.

మీటర్‌గేజ్:
పునాదిరాయి గారూ, అన్ని పిట్‌లూ పూడ్చాలని లేదండి. ఒకదాన్ని పైపులు, కరెంటు కేబుళ్ళకు సొరంగంగా ఉంచుకుంటే నేల పగలగొట్టే పని తప్పుతుంది. పైన తీయగలిగే కాంక్రీటు పలకలు చాలు. గాలి మాత్రం తిరగాలి. మూసేసిన గుంతలో పెట్రోలియం ఆవిరి పేరుకుంటే ప్రమాదం. రెండు చివర్లా గాలి గొట్టాలు, అందులో ఒకటి కప్పు పైదాకా.

ఇక పట్టాలు. ఉంచాలనే నా మాట. పట్టా లేకపోతే ఆ చోటు ఏదో పాత గోదాములా కనిపిస్తుంది. టొరంటో ట్రామ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,495 మిల్లీమీటర్లు, చాలా అరుదైన కొలత. మామూలు రైలు పట్టాకన్నా 60 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ కొలతను నేలలో చూపించడం కూడా చరిత్ర చెప్పడమే.

చిక్కు గాడి దగ్గర వస్తుంది. ట్రామ్ పట్టాలో చక్రపు అంచు దిగే గాడి 35 నుంచి 40 మిల్లీమీటర్లుంటుంది. చక్రాల కుర్చీ ముందు చక్రం, చేతికర్ర, మడమ చెప్పు అన్నీ అందులో దిగుతాయి. నడకదారిలో 13 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదన్నది అక్కడి నియమం. సిమెంటుతో పూడిస్తే నిలవదు. ఉక్కు వేడికి సాగుతుంది. 10 మీటర్ల పట్టా 30 డిగ్రీల తేడాకు మూడున్నర మిల్లీమీటర్లు కదులుతుంది, సిమెంటు పొడిపొడిగా ఊడొస్తుంది. గాడిని వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, ప్రైమరు పూసి, రబ్బరు పట్టీ గానీ పాలీయురెథేన్ గానీ నింపాలి.

పునాదిరాయి:
పట్టాలు ఉంచడానికి అభ్యంతరం లేదు. ఉన్నవి ఉన్నట్టు ఉంచడానికి ఉంది. కింద చెక్క స్లీపర్లుంటే వాటి మీద కాంక్రీటు పోయకూడదు. చెక్క పుచ్చిపోయి కింద ఖాళీ ఏర్పడుతుంది, కొన్నేళ్ళకు పట్టా కుంగుతుంది. పట్టా ఎత్తి, స్లీపరు తీసేసి, ఉక్కు పలకలకు బిగించి, కొత్త నేలలో మళ్ళీ కూర్చోబెట్టాలి. ఖర్చు ఎక్కువే. అందుకే అన్ని వరుసలూ కాకుండా ఒక్క జత ఉంచమంటాను.

మీటర్‌గేజ్:
ఒప్పుకుంటాను, ఒక్క జత చాలు. ఇంకో సంగతి కూడా రాసుకోండి. పట్టా ట్రామ్‌కు కరెంటు తిరిగి వెళ్ళే దారి. 600 వోల్టుల డీసీ. సెయింట్ క్లెయిర్ వీధిలో ట్రామ్‌లు ఈరోజుకీ నడుస్తున్నాయి. ఇలాంటి చోట లోపలి పట్టాకూ వీధిలోని లైనుకూ లోహపు సంబంధం ఎక్కడా మిగలకూడదు. మధ్యలో కోసి, ఖాళీ ఉంచి, లోపలి ముక్కను కట్టడపు ఎర్త్‌కు కలపాలి. లేకపోతే దారితప్పిన కరెంటు నీటి గొట్టాలను తినేస్తుంది.

సున్నపుగానుగ:
గోడల గురించి ఎవరూ మాట్లాడలేదు. చలిదేశంలో పాత ఇటుక గోడను చంపేవి రెండు. సిమెంటు పాయింటింగ్ (దర్జులు పూడ్చడం), తెలియక చేసిన ఇన్సులేషన్ (వేడి పోకుండా కప్పే పొర).

పాత ఇటుక మెత్తన. దర్జు దానికన్నా మెత్తగా ఉండాలి. చెమ్మ దర్జులోంచి బయటికి పోవాలి, అరిగితే దర్జే అరగాలి. గట్టి సిమెంటు పెడితే నీళ్ళు ఇటుకలో చిక్కుకుంటాయి. గడ్డకట్టినప్పుడు ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. దర్జుకు ఒక భాగం హైడ్రాలిక్ సున్నం (తడిలోనూ గట్టిపడేది), మూడు భాగాలు గరుకైన ఇసుక. పాతది గీకే లోతు దర్జు వెడల్పుకు రెండున్నర రెట్లు. 10 మిల్లీమీటర్ల దర్జుకు 25 లోతు. గ్రైండరు అడ్డ దర్జులకు పరవాలేదు. నిలువు దర్జులకు ఉలి, సుత్తే వాడాలి, లేదంటే పైనా కిందా ఇటుకలకు కోత పడుతుంది. రాత్రి 5 డిగ్రీలకన్నా తగ్గే కాలంలో సున్నం పని పెట్టుకోకూడదు. ఇసుక ఊది శుభ్రం చేయడం అసలే వద్దు. కాలిన పైపొర పోతే ఇటుక నీళ్ళు పీల్చే స్పాంజి అవుతుంది.

ఇన్సులేషన్ సంగతి ఇంకా సున్నితం. లోపలినుంచి దట్టంగా కప్పితే గదిలోని వేడి గోడకు అందదు. గోడ ఇదివరకటికన్నా చల్లబడి, తడి ఆరక, గడ్డకట్టి కరగడం ఎక్కువవుతుంది. వందేళ్ళు నిలిచిన గోడ కొద్ది చలికాలాల్లోనే పొట్టు రాలుస్తుంది. కాబట్టి ముందు కప్పు దట్టంగా కప్పండి, కిటికీలు మార్చండి, గాలి సందులు మూయండి. గోడ పని అన్నిటికన్నా చివర్న, అదీ ఇటుకను ప్రయోగశాలలో పరీక్షించాకే. సభలు జరిగే షెడ్డు గోడను ఖాళీగానే వదిలేయడం నా దృష్టిలో మేలు. ఇటుక కనిపిస్తుంది, గోడ బతుకుతుంది.

నిర్మాణవిద్య_బెజవాడ:
ఎంతో ఉపయోగం. గోడ వదిలేస్తే అంత ఎత్తు హాలును వెచ్చబెట్టడం ఎలా మరి? అక్కడ భూమిలోంచి వేడి తీసుకుంటారని చదివాను.

పునాదిరాయి:
అవునండి, అక్కడ భూతాప పంపు పద్ధతి వాడారు. లోతున నేల ఏడాదంతా ఇంచుమించు 10 డిగ్రీలుంటుంది. పక్కనే పార్కుంటే బోరు గొట్టాలు దించడానికి చోటు దొరుకుతుంది. వేడిగాలి ఊదే పద్ధతి ఎత్తు హాలుకు పనికిరాదు. వేడంతా కప్పు కిందికి చేరుతుంది, కాళ్ళు చల్లగానే ఉంటాయి. నేలలో గొట్టాలు పరిచి 35 నుంచి 40 డిగ్రీల నీళ్ళు తిప్పితే పంపుకూ తేలిక, మనిషికీ సుఖం. గొట్టాల మధ్య ఎడం 150 నుంచి 200 మిల్లీమీటర్లు. కాంక్రీటు 28 రోజులు ఆరాక, నీటి వేడి రోజుకు 5 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఒక్కసారి పెంచితే నేల చీలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, కాంక్రీటు పోసేముందు గొట్టాల వరుసను కొలబద్ద పక్కన పెట్టి ఫోటోలు తీసి దాచాలి. తర్వాత ఎవరో స్టేజీ బిగించడానికి డ్రిల్లు పెడతారు, గొట్టం పగులుతుంది. స్టేజీ, డేరా బిగించే చోట్లు ముందే నిర్ణయించి, అక్కడ గొట్టం లేకుండా అర మీటరు చదరాలు వదిలి, ఉక్కు సాకెట్లు పాతేయాలి.

శబ్దతరంగం:
హాలు తెరిచిన మొదటి రోజే వచ్చే ఫిర్యాదు, మాట అర్థం కావట్లేదని. ఎదురెదురుగా ఇటుక గోడలు, కింద కాంక్రీటు, పైన అద్దాలు. చప్పుడు ఆగదు.

లెక్క సులువే. ప్రతిధ్వని సెకన్లు = 0.16 × ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ (హాలు చప్పుడును పీల్చుకునే శక్తి). 700 చదరపు మీటర్ల నేల, సగటున 7 మీటర్ల ఎత్తు అనుకుంటే 4,900 ఘనపు మీటర్లు. ఖాళీ హాలులో మూడున్నర సెకన్లు వస్తోందంటే శోషణ 224. ప్రసంగానికి సెకనున్నర కావాలి, అంటే 523. ఇంకో 300 చేర్చాలి. శోషణ గుణకం 0.85 ఉన్న పలకలు 350 చదరపు మీటర్లు పడతాయి. కప్పులో సగం. అద్దాల కిటికీల మధ్య ఖాళీల్లో, ట్రస్సుల (కప్పును మోసే చట్రాల) నడుమ నిలువుగా వేలాడదీస్తే వెలుతురూ పోదు, రెండు వైపులా పనిచేస్తాయి.

300 మంది కూర్చుంటే వాళ్ళే 135 దాకా పీల్చుకుంటారు, సమయం 2.2 సెకన్లకు దిగుతుంది. కాబట్టి నిండిన హాలులో కొలిచి బాగుందనుకోకండి. పదిమంది కూర్చున్న సాయంకాలం తరగతికి అదే హాలు నరకం.

స్పీకర్లు రెండు పెద్దవి ముందు పెట్టి శబ్దం పెంచడం పెద్ద తప్పు. ప్రతి 8, 10 మీటర్లకు చిన్న స్పీకర్లు పక్క గోడలకు బిగించి, మీటరుకు 3 మిల్లీసెకన్ల చొప్పున ఆలస్యం ఇవ్వాలి. 20 మీటర్ల దూరంలో ఉన్నదానికి 58 మిల్లీసెకన్లు.

గోంగూరమడి:
నాలుగో షెడ్డు తోట గురించి నేను రాస్తాను. అక్కడ వేర్వేరు దేశాల పెద్దవాళ్ళు తమ కూరగాయలు పండించే మళ్ళున్నాయి, దక్షిణాసియా మడితో సహా. డిపో నేలలో నేరుగా విత్తకూడదు, పైన చెప్పిన సీసం, నూనెల వల్ల. ఎత్తుమళ్ళు కట్టాలి. అడుగున నీరు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద 45 సెంటీమీటర్ల కొత్త మట్టి. వెడల్పు 1.2 మీటర్లు దాటితే మధ్యలోకి చెయ్యి అందదు. 1.2 × 2.4 మడికి 1.3 ఘనపు మీటర్ల మట్టి, అందులో మూడోవంతు కంపోస్టు.

దయచేసి ఒక్కటి గుర్తుంచుకోండి. షెడ్డులో తీసిన పాత స్లీపర్లను మడి గట్లుగా వాడకండి. చూడ్డానికి అందంగా ఉంటాయి, ఉచితంగా దొరుకుతాయి. క్రియోసోట్ మట్టిలోకి దిగి ఆకుకూరలోకి వస్తుంది.

మన గోంగూర టొరంటోలో ఆకుకోసం చక్కగా వస్తుంది. ఏప్రిల్ మధ్యలో గింజలు ఒక రాత్రి నానబెట్టి గాజు పాకలో ట్రేలలో వేయాలి. మట్టి 21 డిగ్రీలకు తగ్గకూడదు. రాత్రి చలి 12 డిగ్రీలకు పైన నిలకడగా ఉండే మే చివర, జూన్ మొదట్లో బయట నాటాలి, మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు. అడుగు ఎత్తు రాగానే తల తుంచితే పక్క కొమ్మలేస్తుంది. పగలు తగ్గాకే పూసే మొక్క కాబట్టి వేసవంతా ఆకే. పువ్వు, కాయ మీద మాత్రం ఆశ వద్దు, ముదిరేలోపు మంచు పడుతుంది. గింజ ఏటా తెప్పించుకోవాల్సిందే. తోటకూర, మెంతికూర తేలిక. దొండ చలికాలం దాటదు, కుండీలో పెట్టి పాకలోకి తెచ్చుకోవాలి.

లెక్కలపుస్తకం:
కట్టడం కన్నా నడపడం కష్టం, ఆ భాగం థీసిస్‌లో వదలకండి. విచ్‌వుడ్‌కు రెండు కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. స్థలం నగరానిది, నడిపింది ఆర్ట్‌స్కేప్ అనే సంస్థ. ఇళ్ళు, స్టూడియోలు, కార్యాలయాల అద్దె నెలనెలా వస్తుంది కాబట్టే సభల షెడ్డును అందుబాటు ధరకు ఇవ్వగలిగారు. సభల అద్దె మీదే బతకాలనుకుంటే పెళ్ళిళ్ళకే ఇవ్వాల్సి వస్తుంది, చుట్టుపక్కల జనానికి శనాదివారాలు దొరకవు.

2023లో ఆర్ట్‌స్కేప్ అప్పుల భారంతో రిసీవరు (అప్పులవాళ్ళ తరఫున ఆస్తులు చూసే మనిషి) చేతికి వెళ్ళబోతున్నట్టు తెలిపింది. ఒకే సంస్థ కింద చాలా కట్టడాలుంటే ఒకచోటి అప్పు అన్నిటినీ తాకుతుంది. ప్రతి కట్టడానికీ వేరే ఖాతా, వేరే మరమ్మతు నిధి, నేల యాజమాన్యం నగరం దగ్గరే. ఈ మూడూ ఒప్పందంలో రాసుకోవాలి. కప్పు, పంపులు, లిఫ్టు, వీటి ఆయుష్షు పట్టిక వేసి ఏటా పక్కన పెట్టాల్సిన మొత్తాన్ని అద్దెలోనే కలపాలి.

మన దగ్గర ఉదాహరణ కావాలంటే కలకత్తాలో గరియాహాట్ డిపోలో 2020లో తెరిచిన ట్రామ్ వరల్డ్ అనే ట్రామ్ ప్రదర్శనశాలను చూడండి. తెలుగువాళ్ళు ఎందరో ఎక్కిన మద్రాసు ట్రామ్‌లు 1953లోనే ఆగిపోయాయి.

పూలపళ్ళెం:
చర్చ పక్కదారి పట్టిస్తే క్షమించండి. ఇలాంటి పొడవాటి షెడ్డులో బతుకమ్మ ఆడాలంటే వరుస ఎలా? వంద మంది ఆడవాళ్ళు, వంట, దీపాలు?

శబ్దతరంగం:
గుండ్రంగా కుదరదండి. మనిషికి ముప్పావు మీటరు చొప్పున వందమందికి 75 మీటర్ల చుట్టు. గుండ్రంగా అయితే 24 మీటర్ల వెడల్పు కావాలి. షెడ్డు 12 మీటర్ల వెడల్పనుకుని రెండు పక్కలా నడవడానికి 1.2 వదిలితే 9.6 మిగులుతుంది. రెండు తిన్నని వరుసలు 25 మీటర్ల చొప్పున, రెండు చివర్లూ అర్ధచంద్రాలు. మొత్తం 80 మీటర్లు వస్తుంది. బతుకమ్మలను మధ్యలో ఒకేచోట కాకుండా పొడవునా మూడు చోట్ల పెట్టండి, ఎవరికీ దూరం కాదు. పాట ఎత్తుకునే మనిషి ఆ వరుస మధ్యలో ఉండాలి, చివర్న కాదు.

పునాదిరాయి:
జనం లెక్క జాగ్రత్త. కెనడా కట్టడాల కోడ్ ప్రకారం కుర్చీలూ బల్లలూ ఉంటే మనిషికి 0.95 చదరపు మీటర్లు, వట్టి కుర్చీలైతే 0.75. వట్టి కుర్చీల లెక్కన 700 చదరపు మీటర్లకు 900 మందికి పైగా వస్తారు, అయినా అసలు పరిమితి తలుపులది. సమతలపు దారికి మనిషికి 6.1 మిల్లీమీటర్ల వెడల్పు. 500 మందికి 3,050, అంటే 900 వెడల్పు తలుపులు నాలుగు. ట్రామ్ వచ్చే పెద్ద ద్వారం పక్కకు జరిగేదో పైకి చుట్టేదో అయితే అది లెక్కలోకి రాదు.

పెద్ద గ్యాస్ పొయ్యి లోపల పెట్టనివ్వరు. వంట బయటే చేసుకుని, వడ్డించేదాకా 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి. కరెంటు వేడిపెట్టెలకు 15 ఆంపియర్ల సర్క్యూట్ మీద నిలకడగా 1,440 వాట్లే. అంటే సర్క్యూట్‌కొక్కటే. ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి మూడు కలిపితే మధ్యలో ఆరిపోతుంది. దీపాలకు ముందే అనుమతి అడిగి, ఇసుక పోసిన ఇత్తడి పళ్ళెంలో పెట్టండి.

గోంగూరమడి:
చెరువు లేని చోట పూలకు కంపోస్టే దారి. తంగేడు ఎలాగూ దొరకదు, బంతి, చామంతి ఉంటాయి. దారాలు, తీగ, మెరుపు కాగితం, ప్లాస్టిక్ పళ్ళెం ముందే తీసేసి, పసుపు గౌరమ్మను వేరుగా ఉంచి, పూలు ఒక వంతుకు ఎండుటాకులు రెండు వంతులు కలిపి పొరలుగా వేయాలి. తోట నడిపేవాళ్ళను వారం ముందే అడగండి. అక్టోబరుకి వాళ్ళ పెట్టెలు రాలిన ఆకులతో నిండిపోతుంటాయి, మీ పూలకు చోటు ఉంచమని చెప్పాలి.